బాల్ బేరింగ్ – చిన్న గోళీ, పెద్ద మేలు

జారుడు ఘర్షణ కన్నా దొర్లుడు ఘర్షణ తక్కువ అనే మాట పరీక్షలో రెండు మార్కులు తెస్తుంది. మన ఇళ్లలో దాని విలువ అంతకన్నా ఎక్కువ. రిక్షా తొక్కేవారు, తోపుడు బండి నెట్టేవారు, సైకిలు మీద కూరగాయలు అమ్మేవారు మన తల్లిదండ్రుల్లో ఎందరో ఉన్నారు. అలాంటి ఇళ్ల నుంచే మేమూ ఈ హాస్టలుకు వచ్చి, మా ఇళ్లలో మొదటి డిగ్రీ తీసుకున్నాం. చక్రంలో ఘర్షణ పెరిగితే ఆ భారం మోసేది ఇంజను కాదు, మన వాళ్ల కాళ్లూ చేతులే.

ఇనుము ఎంత నునుపుగా ఉన్నా దాని మీద కంటికి కనబడని ఎగుడుదిగుళ్లు ఉంటాయి. చక్రం నేరుగా ఇరుసు మీద తిరిగితే అవి ఒకదానికొకటి తగిలి ఒరుసుకుంటాయి. వేడి పుడుతుంది, లోహం అరుగుతుంది. ఎడ్లబండి ఇరుసుకు కందెన పెట్టేది అందుకే. రెండింటి మధ్య గట్టి ఉక్కు గోళీలు పెడితే ఒరుసుకునే బదులు దొర్లుతాయి. బస్తాను ఈడ్చడానికీ, డ్రమ్మును దొర్లించడానికీ ఉన్న తేడాయే ఇది. ఉక్కు మీద ఉక్కు పొడిగా జారితే ఘర్షణ గుణకం సుమారు 0.5. మంచి బాల్ బేరింగులో అది 0.0015 దగ్గర ఉంటుంది.

1794లో వేల్స్‌కు చెందిన ఫిలిప్ వాన్ బండి ఇరుసులో గోళీలు వాడే పద్ధతికి పేటెంటు పొందాడు. 1869లో పారిస్ సైకిల్ మెకానిక్ జూల్స్ సురిరే సైకిలు బేరింగులకు పేటెంటు తీసుకున్నాడు. అదే ఏడాది పారిస్–రువాన్ పందెంలో బాల్ బేరింగులున్న సైకిలు తొక్కిన జేమ్స్ మూర్ గెలిచాడు.

మన సైకిలు వెనుక హబ్బులో సాధారణంగా పక్కకు 9 చొప్పున పావు అంగుళం బాల్సు ఉంటాయి. కోన్ మరీ బిగిస్తే బాల్సు నలుగుతాయి, వదులైతే చక్రం ఊగుతుంది. ఒక బాల్ పగిలినా మొత్తం మార్చాలి. కొత్తది ఒక్కటే వేస్తే, అరిగిన వాటికన్నా అది కాస్త లావు గనుక బరువంతా దాని మీదే పడుతుంది. గ్రీజు తుప్పు పట్టనివ్వదు, అరుగుదల తగ్గిస్తుంది. మట్టి కలిసిన పాత గ్రీజు మాత్రం గరుకు కాగితంలా కోన్‌ను తినేస్తుంది.

ఈసారి సెలవులకు వెళ్లినప్పుడు ఇంట్లో ఉన్న బండి చక్రాన్ని పైకెత్తి చేత్తో తిప్పండి. గరగరమన్నా, వెంటనే ఆగిపోయినా హబ్బు విప్పించి, కిరోసిన్‌తో కడిగించి, కొత్త గ్రీజు పెట్టించండి. మనం చదివిన పాఠం నాన్న కాళ్లకు కాస్త సుఖమిస్తే అంతకన్నా కావలసిందేముంది!