సైన్యానికి చిన్న డ్రోన్ల కొనుగోలు

పౌర అవసరాల కొరకు తయారయ్యే తక్కువ ఖరీదు మానవరహిత విమానాలను, లేదా అటువంటి విడిభాగాలతోనే కూర్చిన నమూనాలను, రక్షణ దళాలు ప్రైవేటు సంస్థల నుండి కొనడం ఇటీవలి సైనిక సేకరణలో ఒక ముఖ్య పద్ధతి. భారతదేశంలో ఇది 2020 తరువాత వేగం పుంజుకున్నది. తెలుగునాట హైదరాబాదు, కర్నూలు జిల్లా ఓర్వకల్లు, పూర్వపు అనంతపురం జిల్లా దక్షిణ భాగం రక్షణ పరిశ్రమ ద్వారా దీనితో ముడిపడి ఉన్నవి.

చిన్న డ్రోన్ అంటే

2021 ఆగస్టు 25న వెలువడిన డ్రోన్ నియమాల ప్రకారం 250 గ్రాముల వరకు నానో, 2 కిలోల వరకు మైక్రో, 25 కిలోల వరకు చిన్న డ్రోన్లు. ఈ నియమాలు త్రివిధ దళాలకు వర్తించవు గాని, బరువును పోల్చి చూచుటకు ఉపకరిస్తాయి. 2018లో హైదరాబాదులో ప్రారంభమైన అదానీ-ఎల్బిట్ కర్మాగారపు హెర్మెస్ 900 టన్నుకు పైబడిన విమానం. అది వేరే కోవకు చెందినది.

వేరుశనగ చేనుపై మందు చల్లే డ్రోనుకు, సరిహద్దులో నిఘా వేసే డ్రోనుకు లోపలి అమరిక ఇంచుమించు ఒకటే. మోటార్లు, వాటి వేగాన్ని అదుపుచేసే పరికరాలు, లిథియం బ్యాటరీ, గమన నియంత్రిక, రేడియో, కెమెరా రెండింటిలోనూ ఉంటాయి. చౌకదనానికి మూలం ఇదే. చిక్కు కూడా ఇక్కడే ఉన్నది.

నేపథ్యం

2022లో మొదలైన రష్యా-ఉక్రెయిన్ యుద్ధంలో చైనాకు చెందిన డీజేఐ సంస్థ అంగడిలో అమ్మే డ్రోన్లను ఇరుపక్షాలూ వాడాయి. ఆ సంస్థ అదే ఏడాది ఏప్రిల్‌లో రెండు దేశాలలోనూ అమ్మకాలు నిలిపివేసింది. కొన్ని వందల డాలర్ల డ్రోను కోట్ల విలువ చేసే యుద్ధ ట్యాంకును పనికిరాకుండా చేయగలదని ఈ యుద్ధం చూపినది. అంతకు ముందే, 2021 జూన్ 27న జమ్మూ వైమానిక స్థావరంపై డ్రోన్లతో బాంబులు జారవిడిచిన సంఘటన భారత దళాలను మేల్కొల్పినది.

కొనుగోలు విధానం

సాధారణ రక్షణ కొనుగోలుకు ఏళ్ళు పడుతుంది. డ్రోను నమూనా అంతలోనే పాతబడిపోతుంది. అందుచేత దళాలకు అత్యవసర కొనుగోలు అధికారాలు ఇవ్వబడినవి. ఈ మార్గంలో ఒక్కొక్క ఒప్పందం పరిమితి రూ.300 కోట్లు. పరీక్షలకు సంస్థలు తమ నమూనాలను సొంత ఖర్చుతో తేవాలి. నెగ్గినా కొంటామన్న హామీ ఉండదు. పెద్ద సంస్థలు దీనిని భరించగలవు. చిన్నవాటికి ఇది కష్టమే. పైగా మైదానంలో చక్కగా ఎగిరినది లడఖ్ చలిలో అలాగే ఎగురుతుందనుకోరాదు. అక్కడ గాలి పలుచన, బ్యాటరీ శక్తి త్వరగా తగ్గిపోతుంది.

2021 జనవరిలో ముంబయి ప్రాంతపు ఐడియాఫోర్జ్ సంస్థకు స్విచ్ డ్రోన్ల కొరకు సుమారు 2 కోట్ల డాలర్ల ఒప్పందం లభించినది. నాగపూర్‌లో తయారైన నాగాస్త్ర-1 ఆత్మాహుతి డ్రోన్లకు 480 ఆర్డరు కాగా, తొలి విడత 120 డ్రోన్లు 2024లో సైన్యానికి అందాయి. 2025 మేలో జరిగిన ఆపరేషన్ సిందూర్ తరువాత, జూన్‌లో రక్షణ శాఖ డ్రోన్లతో సహా పలు సామగ్రికి రూ.1,981.90 కోట్ల విలువైన 13 అత్యవసర ఒప్పందాలను ప్రకటించినది. ప్రతి పదాతి బెటాలియనులో డ్రోన్ ప్లటూన్ ఉంటుందని సైన్యాధిపతి ఆ ఏడాది జూలై 26న తెలిపారు. హైదరాబాదు బిట్స్ పిలానీ విద్యార్థులు ఇద్దరు స్థాపించిన అపోలియాన్ డైనమిక్స్ కూడా కొన్ని సైనిక విభాగాలకు డ్రోన్లు అమ్మినట్లు 2025లో పత్రికలు వ్రాశాయి.

విడిభాగాల సమస్య

2022 ఫిబ్రవరి 9న కేంద్రం విదేశీ డ్రోన్ల దిగుమతిని నిషేధించినది. రక్షణ, పరిశోధన అవసరాలకు అనుమతితో మినహాయింపు ఉన్నది. అయితే విడిభాగాల దిగుమతికి ఏ అనుమతీ అక్కరలేదు! అనగా పైపెట్టె స్వదేశీ, లోపలి రేడియో మాత్రం ఎక్కడిదైనా కావచ్చును. సరిహద్దు దళాలకు ఇది కేవలం ప్రతిష్ఠకు సంబంధించిన విషయం కాదు. రేడియో లోగుట్టు శత్రువుకు తెలిసియుంటే డ్రోనును దారి మళ్ళించవచ్చు, అది తీసే చిత్రాలను చూడవచ్చు, ఎగురవేసిన సైనికుడున్న చోటును పసిగట్టవచ్చు. చైనా భాగాలున్నాయన్న కారణంతో 400 సరుకు రవాణా డ్రోన్లకు చెందిన, సుమారు రూ.230 కోట్ల విలువైన మూడు ఒప్పందాలు రద్దయినట్లు 2025 ఫిబ్రవరిలో వార్తలు వచ్చాయి. మోటారులోని అయస్కాంతాలకు కావలసిన అరుదైన ఖనిజాలపైన కూడా చైనా 2025 ఏప్రిల్‌లో ఎగుమతి ఆంక్షలు విధించినది. కనుక మోటారును ఇక్కడే చుట్టినంత మాత్రాన పరాధీనత పోదు.

రాయలసీమ

అనంతపురం పీఠభూమిలో సగటు వర్షపాతం ఏటా సుమారు 550 మిల్లీమీటర్లు మాత్రమే. సేద్యానికి శాపమైన ఈ తెరిపి ఆకాశం ఎగిరే యంత్రాల పరీక్షకు అనుకూలమే. ఈ మెట్ట నేల ఉత్తరాన కర్నూలు వైపు సాగినచోట, ఓర్వకల్లు మండలంలో, డీఆర్‌డీఓ వారి బహిరంగ పరీక్షా క్షేత్రం కలదు. 2025 ఏప్రిల్ 13న అక్కడ లేజరు ఆయుధంతో డ్రోన్లను కూల్చారు. జూలైలో బెంగుళూరు సంస్థ తయారుచేసిన డ్రోను నుండి క్షిపణిని ప్రయోగించారు. ఓర్వకల్లులోనే రాష్ట్ర ప్రభుత్వం 300 ఎకరాలలో డ్రోన్ సిటీని తలపెట్టినది.

రాష్ట్ర ప్రభుత్వపు 2025 రక్షణ పరిశ్రమల విధానం కర్నూలు-ఓర్వకల్లును డ్రోన్లకు, లేపాక్షి-మడకశిరను వైమానిక, ఎలక్ట్రానిక్ పరిశ్రమలకు కేటాయించినది. డ్రోనులో అసలు కొరత ఎలక్ట్రానిక్ భాగాలదే గనుక రెండవదే కీలకమని చెప్పవచ్చు. అక్కడికి సమీపంలోని గోరంట్ల మండలం పాలసముద్రం వద్ద ప్రభుత్వ రంగ భారత్ ఎలక్ట్రానిక్స్ సంస్థకు స్థలం ఉన్నది. దిగుమతి సుంకాల అధికారులకు శిక్షణ ఇచ్చే జాతీయ అకాడమీ కూడా 2024 జనవరి 16న అదే పాలసముద్రంలో ప్రారంభమైనది.