బోనం మిగిలితే: పండుగ అన్నాన్ని పదిలంగా వినియోగించే విధానం

అన్నాన్ని పరబ్రహ్మ స్వరూపంగా భావించే సంప్రదాయం మనది. ఆషాఢ మాసంలో లష్కర్ బోనాల నాడు సికింద్రాబాదులోని ఇళ్ళలో వచ్చే బంధువుల సంఖ్యకు మించి వంట జరుగుతుంది. మరునాడు రంగం వేళకు అన్నం, పులిహోర, పెరుగన్నం, కొబ్బరి చిప్పలు మిగిలి ఉంటాయి. పారవేయడానికి మనసొప్పదు, తినడానికి సందేహం అడ్డు వస్తుంది. ఆ సందేహాన్ని తీర్చుకొనే మార్గాన్ని ఇక్కడ వివరిస్తున్నాము.

భోజనమనే మాటే బోనంగా మారింది. ఆలయ కథనం ప్రకారం, 1813లో కలరా ప్రబలినపుడు సైన్యంలో పనిచేస్తూ ఉజ్జయినిలో ఉన్న సురిటి అప్పయ్య అక్కడి మహంకాళి అమ్మవారికి మొక్కుకొన్నారు. తిరిగి వచ్చిన పిదప 1815లో సికింద్రాబాదులో అమ్మవారి కొయ్య విగ్రహాన్ని ప్రతిష్ఠించారు. రోగబాధ నుండి రక్షణ కోరిన మొక్కుతో ముడిపడిన పండుగ ఇది. అట్టి పండుగ అన్నమే ఇంటిల్లిపాదికీ అనారోగ్యం తెచ్చిపెట్టరాదు. కాబట్టి మిగిలినదానిని వృథా చేయకపోవడం ఎంత ముఖ్యమో, దాచదగినది ఏదో తెలుసుకోవడం కూడా అంతే ముఖ్యం.

ఏది దాచాలి, ఏది దాచరాదు

బోనపు కుండలోని అన్నం ఊరేగింపులోనూ, దర్శనపు వరుసలోనూ గంటల తరబడి వెచ్చగా ఉంటుంది. వండినా నశించని కొన్ని సూక్ష్మజీవుల బీజాలు అన్నంలో ఉంటాయి. గోరువెచ్చని తేమలో అవి పెరిగి విషపదార్థాన్ని పుట్టిస్తాయి. తరువాత ఎంత మరిగించినా ఆ విషం పోదు. వాసన, రుచి మారకపోయినా అపాయం ఉండవచ్చు. అందుచేత కుండలో ఆనాడే పంచుకొని తినగలిగినంత అన్నం మాత్రమే ఉంచడం మేలు. దీపపు నూనె, కుంకుమ తగిలిన పై పొరను వేరుగా తీసి, ఎవరూ తొక్కని చోట చెట్టు మొదట వేయాలి.

మరునాటికి దాచవలసినది ఇంట్లో విడిగా ఉంచిన అన్నమే. దానిని వెడల్పాటి పళ్ళెంలో పలుచగా పరచి చల్లార్చి, వండిన 2 గంటలలోపే మూతపెట్టి ఫ్రిజ్‌లో ఉంచాలి. మరునాడే వాడాలి. పొగలు వచ్చేదాకా ఒక్కసారి మాత్రమే వేడిచేయాలి. రాత్రంతా బయట ఉండిపోయిన అన్నాన్ని వదలివేయడమే క్షేమం. పసివారికి, వృద్ధులకు, గర్భవతులకు ఈ విషయంలో మరింత జాగ్రత్త అవసరం.

మిగిలినవాటితో వంటలు

తెల్లన్నం: అన్నాన్ని మెత్తగా మెదిపి, బియ్యపు పిండి, ఉల్లిపాయ, పచ్చిమిర్చి, జీలకర్ర, నువ్వులు, ఉప్పు కలిపి పెనం మీద రొట్టెగా తట్టి, రెండు వైపులా నూనె వేసి కాల్చాలి. అన్నం వడియాలు ఎండ కాసే రోజులకు తగినవి. ఆషాఢపు ముసురులో అవి ఎండక బూజు పడతాయి.

పులిహోర: పులుసు మొత్తాన్ని ఒకేసారి అన్నంలో కలపరాదు. చిక్కగా ఉడికించిన చింతపండు పులుసును విడిగా ఉంచితే, అది అన్నం కంటే ఎక్కువ రోజులు నిలుస్తుంది. అవసరమైనపుడు వేడి అన్నంలో కలుపుకోవచ్చు.

బెల్లపు అన్నం: కొద్దిగా నీరు చల్లి బాగా వేడిచేసి, పొయ్యి మీది నుండి దించిన తరువాత కాచి చల్లార్చిన పాలు కలిపితే పరమాన్నం సిద్ధమవుతుంది. బెల్లం ఉన్న గిన్నెను పొయ్యి మీద ఉంచి పాలు పోస్తే అవి విరిగిపోతాయి.

పెరుగన్నం: ఫ్రిజ్‌లో ఉంచినదైతే, దానిని మెదిపి బొంబాయి రవ్వ, బియ్యపు పిండి కలిపి అరగంట నాననిచ్చి, అల్లం, పచ్చిమిర్చి, కరివేపాకు చేర్చి ఊతప్పంలా మందంగా కాల్చుకోవచ్చు.

కొబ్బరి చిప్పలు: కొట్టిన నాడే తురిమి ఫ్రిజ్‌లో ఉంచాలి. పచ్చడికి, కొబ్బరి అన్నానికి, బెల్లపు పాకంతో చేసే కొబ్బరి లౌజుకు ఆ తురుము పనికివస్తుంది. చిప్ప జిగటగా మారినా, రంగు మారినా వాడరాదు.

ఒకసారి నివేదించినదానిని మరల నివేదించరాదన్నది ఆచారం. కనుక ఈ వంటకాలు గృహభోజనానికే.

పెద్దలు చూపిన బాట

ఈ పొదుపు మనకు కొత్త కాదు. ఉగాదికి పోలెలు చేసిన ఇళ్ళలో శనగపప్పు ఉడికిన నీటిని పారబోయరు. దానిలో చింతపండు పులుసు, కొద్దిగా మిగిలిన పూర్ణం వేసి, పోపు పెట్టి భక్ష్యాల చారు కాస్తారు. పండుగ వంటలో మిగిలిన ఆ కట్టు నుండి పుట్టిన చారు కోసమే ఎదురుచూసేవారు ఎందరో ఉన్నారు.

మిగిలిన అన్నాన్ని గోవులకు పెట్టడం పుణ్యమని కొందరు రాశులుగా వీధిలో పోస్తారు. అలవాటు లేని పశువు అన్నాన్ని ఒక్కసారిగా ఎక్కువగా తింటే దాని కడుపులో ఆమ్లం పెరిగి, ప్రాణాపాయం కలుగవచ్చు. గోవుకు పచ్చగడ్డి సమర్పించడమే ఉచితం. మంచి అన్నాన్ని ఇతరులకు పంచదలచినవారు అది వేడిగా ఉన్నపుడే, ఆ పూటనే పంచాలి. మనం తినడానికి సందేహించినదానిని అన్నదానంగా ఇవ్వరాదు.

వంటకు ముందే వచ్చేవారిని లెక్కించుకొని బియ్యం కొలిస్తే దాచవలసిన భారం చాలావరకు తగ్గుతుంది. ఆపైన మిగిలినదానిని సకాలంలో చల్లార్చి, శుచిగా దాచి, మరునాడు కుటుంబమంతా కలిసి భుజిస్తే అమ్మవారి పండుగ అన్నం వృథా కాదు, ఎవరికీ హాని చేయదు.