మన ఊరి గ్రహణమేనా?

(రేడియో స్త్రీల కార్యక్రమంలో చేసిన ప్రసంగం)



2024 ఏప్రిల్ 8, ఉగాదికి ముందురోజు. కడపలో పొద్దు గుంకినా వేడి తగ్గలేదు. మా అక్క కూతురు పురిటికి పుట్టింటికొచ్చి ఉంది. రాత్రి తొమ్మిది దాటాక దాహమని చెంబు అందుకోబోతే మా అమ్మ చెయ్యి పట్టుకుంది. "నీళ్ళు తాగాకు పాపా, సూర్యగ్రహణం పడతాంది" అంది.

"అమ్మా, సూర్యుడు ఇప్పుడు యాడున్నాడు?" అన్నాను.

అమ్మ కిటికీలోంచి చూసింది. బయట అమావాస్య చీకటి. ఆ గ్రహణం మెక్సికో, అమెరికా, కెనడా దేశాల వాళ్ళది. వాళ్ళకు పగలు, మనకు రాత్రి. సూర్యుడే లేనిచోట సూర్యగ్రహణం ఎక్కడిది? అమ్మ నవ్వి చెంబు తనే అందించింది.

గ్రహణమనగానే పట్టు ఎప్పుడు, విడుపు ఎప్పుడు అని అడుగుతాం గాని, అది మన ఊళ్ళో కనిపించేదేనా అని అడగం. ఈ పూట ఆ సంగతే ముచ్చటించుకుందాం.

చంద్రగ్రహణం పున్నమినాడు వస్తుంది. సూర్యుడికీ చంద్రుడికీ మధ్య భూమి అడ్డుగా నిలిచి, దాని నీడ చంద్రుడి మీద పడుతుంది. ఎండలో నడిచే మనిషి వేపచెట్టు నీడలోకి పోయాడనుకోండి, ఎవరు చూసినా నీడలో ఉన్నట్టే కనబడతాడు కదా! అలాగే ఆ వేళకు చంద్రుడు పైకి వచ్చి ఉన్న ప్రతి ఊరికీ చంద్రగ్రహణం కనబడుతుంది, మబ్బు అడ్డం రాకుంటే చాలు. 2025 సెప్టెంబరు 7 రాత్రి చంద్రుడు 82 నిమిషాలపాటు పూర్తిగా నీడలో ఉన్నాడు. అది మన దేశమంతటికీ ఒక్కసారే పట్టింది.

సూర్యగ్రహణం అలా కాదు. అది అమావాస్యనాడు వస్తుంది. చంద్రుడి నీడ భూమి మీద పడుతుంది. మబ్బు నీడ సంగతి మన సీమవాళ్ళకు చెప్పనక్కరలేదు. ఈ చేను మీద నీడ, పక్క చేను మీద ఎండ! చంద్రుడి నీడ కూడా అంతే. వంద, రెండు వందల కిలోమీటర్ల వెడల్పున ఒక పట్టీలాగా పరుగెత్తిపోతుంది. ఆ పట్టీలో ఉన్నవాళ్ళకే సంపూర్ణ గ్రహణం. దానికి అటూ ఇటూ ఉన్నవాళ్ళకు పాక్షికం. ఇంకా దూరాన ఉన్నవాళ్ళకు ఏమీ లేదు. ఒకే ఊరికి సంపూర్ణ సూర్యగ్రహణం మళ్ళీ రావాలంటే సగటున 375 ఏళ్ళు పడుతుందని లెక్క కట్టారు. అందుకే నీడ పడేచోటికి మనుషులే పోవాలి. 1868 ఆగస్టు 18 నాటి గ్రహణం చూడటానికి జాన్సెన్ అనే ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు మన గుంటూరుకు వచ్చాడు.

1980 ఫిబ్రవరి 16న మధ్యాహ్నం మూడున్నర దాటాక ఆ నీడ మళ్ళీ తెలుగునేల మీదికి వచ్చింది. ఉస్మానియా విశ్వవిద్యాలయం వారి జాపాల్-రంగాపూర్ వేధశాలలో సంపూర్ణ గ్రహణం చూశారు. కడపలో సూర్యుడు చాలావరకు మూసుకున్నాడు గాని, పూర్తిగా కాదు. అప్పుడు నేను మా అమ్మ కడుపులో ఉన్నాను. మా జేజి ఆమెను గదిలో పడుకోబెట్టి కదలనివ్వలేదట.

మరి ప్రతి పున్నమికీ, ప్రతి అమావాస్యకూ గ్రహణం ఎందుకు రాదు? చంద్రుడు తిరిగే దారి సూర్యుడి దారికి 5 డిగ్రీలు వాలి ఉంటుంది. ఆ రెండు దారులూ కలిసే చోట్లనే మన పెద్దలు రాహువు, కేతువు అన్నారు. పున్నమి గాని అమావాస్య గాని ఆ చోట్ల దగ్గర పడితేనే గ్రహణం.

ఇక గ్రహణం మనదేనా అని తేల్చుకోవడం కష్టమేమీ కాదు. గ్రీనిచ్ కాలంలో చెబితే అయిదున్నర గంటలు కలపండి. చంద్రగ్రహణమైతే అప్పుడు మనకు రాత్రేనా అని చూడండి. సూర్యగ్రహణమైతే పగలు అయినంతమాత్రాన చాలదు, మన ఊరి పేరు చెప్పారా అని కూడా చూడాలి. కలకత్తాలోని పొజిషనల్ ఆస్ట్రానమీ సెంటర్ వారు ఊళ్ళవారీగా వేళలు ప్రకటిస్తారు. కనబడని గ్రహణానికి నియమాలు లేవని మన పంచాంగకర్తలే చెబుతారు.

కనబడే గ్రహణమైనా గర్భిణికి హాని లేదు. గ్రహణం మొర్రి అని పేరైతే పెట్టాం గాని, ఆ లోపం గర్భం తొలి నెలల్లో పెదవి, అంగిలి సరిగా కలవకపోవడం వల్ల వచ్చేది. నీడ వల్ల కాదు. నిండు నెలల్లో ఎండాకాలం నీళ్ళు మానితేనే ప్రమాదం.

చంద్రగ్రహణాన్ని ఉత్త కళ్ళతో హాయిగా చూడవచ్చు. సూర్యగ్రహణాన్ని మాత్రం చూడకూడదు. మసి అద్దం, ఎక్స్‌రే ఫిల్ము, పళ్ళెంలో పసుపునీళ్ళు, ఏవీ పనికిరావు. అందుకని తయారుచేసిన గ్రహణం కళ్ళద్దాలు ఉంటేనే చూడండి. లేదంటే వేపచెట్టు కింద నేలను చూడండి. ఆకుల సందున పడే వెలుగు చుక్కలన్నీ నెలవంకలై కనబడతాయి.

2031 మే 21న కేరళ, తమిళనాడుల్లో సూర్యుడు కంకణంలాగా కనిపిస్తాడు. మనకు పాక్షికం. అంతకుముందే 2028 డిసెంబరు 31 రాత్రి పది గంటల ప్రాంతంలో సంపూర్ణ చంద్రగ్రహణం ఉంది. అది అచ్చంగా మనదే. 1980లో తలుపు మూసుకుని పడుకున్న మా అమ్మ, ఆ రాత్రి మనవరాలితో మిద్దెక్కి చూస్తానంటోంది. మీరూ చూడండి.