ఒక్క పగటి ఆయువు: తాటికల్లును గూర్చి

ఫ్రాన్సు, ఇటలీ దేశముల పల్లెపట్టులలో చిన్న రైతుకుటుంబములు తమ తోటలో పండిన ద్రాక్షను తామే పిండి, ఆ రసమును పీపాలలో పులియబెట్టి, ఇంటికి వచ్చినవారికి రుచి చూపుట కలదు. నడుమ వర్తకుడు లేకుండ, తయారుచేసినవాడే త్రాగువాని యెదుట నిలుచుట అచటి విశేషము. తెలుగునాట దానికి సాటివచ్చు ఇంటిపరిశ్రమ యేదని యడిగినచో, మనము ద్రాక్షతోటకు గాక తాటితోపునకు పోవలెను.

నెల్లూరు జిల్లా పడమటి భాగమున, దర్గాకు పేరొందిన అనుమసముద్రంపేట, ఆత్మకూరు, ఉదయగిరి ప్రాంతములు చాలవరకు మెట్టసీమలు. వరికి నీరు చాలని నేలలో సైతము తాడిచెట్టు నిలుచును. ఇట్టి చోట్ల కల్లుగీత ఈడిగ, గమళ్ల కుటుంబములకు తరతరముల వృత్తి. పురుషుడు చెట్టెక్కును, అమ్మకము, బెల్లపు వంట తరచుగా ఇంటి ఆడువారి చేతిమీదుగా జరుగును. చెట్టే వారి తోట, కుండయే వారి పీపా.

తాళ్ళలో పోతు, పెంటి వేరువేరు చెట్లు. రెండింటినుండియు కల్లు లభించును. గీతగాడు మోకు నడుమునకు తగిలించుకొని, కాళ్లకు బందము వేసికొని, తెల్లవారుజామున చెట్టెక్కును. పూగెలను కట్టి, మెల్లగా నొక్కి, కొనను కత్తితో పలుచగా చెక్కి, దానిక్రింద కుండ కట్టును. దినమునకు రెండు మూడు పర్యాయములు ఆ కొనను మరల చెక్కనిచో గాయము మూసికొని ధార నిలిచిపోవును. కనుక ఈ పనికి సెలవుదినము లేదు. తాటిగీత చలికాలపు చివరనుండి వేసవి ముగియువరకు సాగును. ఈతచెట్టు గీత వేరు విధము. మొవ్వునకు దిగువ కాండమును చెక్కి, ముఖ్యముగా చలికాలమున రసము తీయుదురు.

గెలనుండి జారునప్పుడు ఆ రసము కల్లు కాదు. అది నూటికి సుమారు పది పన్నెండు పాళ్లు చక్కెర గల తియ్యని నీరు. గాలిలోను, కుండగోడలకును అంటియున్న ఈస్టు అను సూక్ష్మజీవులు ఆ చక్కెరను ఆరగించి మద్యసారముగను, బొగ్గుపులుసు వాయువుగను మార్చును. నురుగునకు కారణము ఆ వాయువే. పులియుట జీవుల పనియని ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు లూయీ పాశ్చరు 1857 నుండి చేసిన పరిశోధనలతో నిరూపించెను. మన గీతగాడు ఆ జీవులను చూడకయే వానిని అదుపుచేయ నేర్చెను. కుండలోపల సున్నము పూసినచో పులియుట ఆగి రసము తియ్యగనే యుండును. దానినే నీరా యందుము; కాచినచో తాటిబెల్లమగును. సున్నము పూయని పాతకుండలో రసము చెట్టుమీదనే పులియ నారంభించును.

ఇక రుచి సంగతి. ద్రాక్షసారాయమునకు ఏండ్లు గడచినకొలది గుణము వచ్చునని చెప్పుదురు. కల్లుకు లెక్క ఏండ్లతో గాదు, గంటలతో. ఉదయమున దింపిన కుండలోనిది తీపి మిక్కుటమై, నాలుకపై సన్నగా చురుక్కుమనును. ప్రొద్దెక్కినకొలది తీపి తగ్గి పులుపు హెచ్చును. మద్యసారము నూటికి నాలుగైదు పాళ్ల వరకు చేరును. సాయంకాలమునకు ఘాటు మిగులును. మరునాటికి వేరొక జాతి సూక్ష్మజీవులు ఆ మద్యసారమును పుల్లనిగా మార్చగా అది త్రాగుటకు పనికిరాదు. కావున తాటాకు దొప్పలో పోసిన కల్లును రుచిచూచుట యనగా ఆ చెట్టును, ఆ కుండను, ఆ వేళను రుచిచూచుటయే. ఒకే తోపులో రెండు చెట్ల కల్లు ఒక్కతీరుగా నుండదు. మెక్సికో దేశమున కలబందజాతి మొక్కనుండి తీయు పుల్కే అను పానీయమును ఇట్లే నిలువ యుండక, దూరప్రయాణమునకు లొంగదు.

ఈ యల్పాయువే కల్లునకు రక్షణయు, శత్రువును. చెట్టు క్రింద మోసమునకు తావు తక్కువ. ఈ యుదయము దింపినదానిని ఈ పూటయే అమ్ముకొనవలెను. చెట్టుకు దూరమైన పట్టణమున కల్లు కావలసివచ్చినపుడు కల్తీ ప్రవేశించును. క్లోరల్ హైడ్రేటు, డయాజిపాం, ఆల్ప్రాజోలాం మొదలగు మత్తుమందులను నీటిలో కలిపి కల్లుపేరిట అమ్మినవారు కలరు. 2025 జులైలో హైదరాబాదు కూకట్‌పల్లి ప్రాంతమున కల్తీకల్లు త్రాగి పలువురు మరణించిరి. ఉదయమును, సాయంకాలమును ఒకే రుచి గల కల్లును శంకింపవలెను. నిజమైన కల్లు కాలముతో మారక మానదు.

త్రాగుడు వలన ఇండ్లు కూలుటయు ఈ సీమకు తెలియని విషయము కాదు. మద్రాసు రాష్ట్రమున 1937లో సేలము జిల్లాలో ఆరంభమైన మద్యనిషేధము 1948 నాటికి రాష్ట్రమంతట వ్యాపించెను. తరువాత, ఉదయగిరి ప్రాంతమునకు చేరువలోనే యున్న దూబగుంటలో, అక్షరాస్యతా తరగతులలో చదువ నేర్చిన స్త్రీలు 1992లో సారాపై తిరుగుబాటు చేసిరి. రోశమ్మ మొదలగువారి ఆ పోరాటము జిల్లాయంతట వ్యాపింపగా, 1993 అక్టోబరు 1 నుండి ఆంధ్రప్రదేశ్ అంతట సారా నిషేధింపబడెను. వారి కోపము ముఖ్యముగా సారాపైననే. బట్టీలలో కాచిన సారా నిలువయుండును, దూరమునకు పోవును, గుత్తేదారు చేతిలో పడును. కల్లు ఆ స్వభావము కలది కాదు. అయినను మత్తు మత్తే. కూలి డబ్బులు దొప్పలో పోసినవాని ఇంట పొయ్యి వెలుగదు.

కల్లును నిషేధించినంతమాత్రమున గీతగాని కడుపు నిండదు. ఆ సమస్యకు గాంధీమహాత్ముడు నీరాను, తాటిబెల్లమును మార్గముగా చూపెను. రంపచోడవరము చేరువనున్న పందిరిమామిడి ఉద్యాన పరిశోధనాకేంద్రము నేటికిని తాటి ఉత్పత్తులపై కృషి చేయుచున్నది. హైదరాబాదులో 2023లో నీరా అమ్మకమునకు ప్రత్యేకశాల తెరవబడెను. తెలంగాణమున 2024లో గీతగాండ్రు చెట్టునుండి జారిపడకుండ రక్షణసామగ్రి పంచు పథకము మొదలయ్యెను. మోకు ఒకటే ఆధారముగా అంత యెత్తున పనిచేయు మనుష్యుని ప్రాణము ప్రతి దొప్పయందును పణమై యున్నదని ఇది జ్ఞప్తికి తెచ్చును.

కల్లు రుచి తెలియగోరువారు తోపులోనికే పోవలెను. అంగడి కల్లుతో చెట్టుకల్లును అంచనా వేయరాదు. మత్తు వలదనుకొనువారు సున్నపు కుండలోని నీరాను త్రాగవచ్చును, తాటిబెల్లమును కొనవచ్చును. ఆ డబ్బు చెట్టెక్కిన వాని చేతికే చేరుచున్నదా యని మాత్రము ఇరువురును విచారింపవలెను.