సల్ఫేటు అంతా సముద్రానిదేనా?

రొళ్ల నుంచి ఒక పాఠకురాలు అడిగారు: "మా వైపు బోరు నీళ్లలో ఫ్లోరైడు అంటారు. సూళ్లూరుపేట దగ్గర మా అమ్మాయి వాళ్ల బోరులో సల్ఫేటు ఎక్కువని రిపోర్టు వచ్చింది. పక్కనే పులికాట్ సరస్సు కదా, సముద్రపు ఉప్పేనా?" ఇలాంటి ప్రశ్న వస్తే ఊరుకోబుద్ధి కాదు.

రొళ్ల ఫ్లోరైడు గ్రానైటు రాయిది, దాన్ని వదిలేద్దాం. సముద్రపు నీటిలో లీటరుకు సుమారు 19 గ్రాముల క్లోరైడు, 2.7 గ్రాముల సల్ఫేటు ఉంటాయి. అంటే సల్ఫేటు క్లోరైడులో ఏడో వంతు. బోరులోకి సముద్రమే దూరితే ఈ లెక్క అటూఇటుగా నిలవాలి. క్లోరైడు తక్కువై సల్ఫేటు మించిందంటే ఇంటిదొంగ పనే.

ఆ దొంగ ఉండేది సరస్సు అడుగు బురదలో. కాలు దిగితే నల్లగా, కుళ్లిన గుడ్డు వాసన కొట్టే బురద. గాలి అందని అక్కడ కొన్ని బ్యాక్టీరియా ఆక్సిజనుకు బదులు సల్ఫేటుతో శ్వాసిస్తాయి. అలాంటిదాన్ని 1895లో డచ్చి శాస్త్రవేత్త బెయెరింక్ వేరుచేసి చూపాడు. అవి వదిలే హైడ్రోజన్ సల్ఫైడు మట్టిలోని ఇనుముతో కలిసి, చివరికి పైరైటుగా గట్టిపడుతుంది. సముద్రపు గంధకం అలా మట్టిలో దాక్కుంటుంది.

బురద ఎండి గాలి చొరబడితే పైరైటు విరిగి సల్ఫ్యూరిక్ ఆమ్లం పుడుతుంది. ఈ ఘనతంతా ఆక్సిజనుదే కాదు. ఆమ్లం ముదిరాక పైరైటును కొరికేది ఫెర్రిక్ ఇనుము. ఆ ఇనుము మళ్లీ తయారవడమే నిదానమైన మెట్టని, దాన్ని బ్యాక్టీరియా పది లక్షల రెట్లకు మించి పరుగెత్తిస్తాయని గని నీళ్ల మీద పనిచేసిన సింగర్, స్టమ్ 1970లో తేల్చారు.

పులికాట్ మట్టిలో ఆమ్లానికి ఎదురుపడేది గుల్ల. ఆమ్లం గుల్లను కరిగిస్తే కాల్షియం, సల్ఫేటు జతకట్టి జిప్సం అవుతుంది. గోటితో గీస్తే గీత పడేంత మెత్తని స్ఫటికం. సూళ్లూరుపేట వైపు బంకమట్టిలో జిప్సం ఉన్న సంగతి పాతదే. జిప్సం కనిపిస్తే చాలు, సముద్రం ఎండి మిగిలిందే అనేస్తారు. అలాగూ పుడుతుంది, పైరైటు దారిలోనూ పుడుతుంది. తేడా చెప్పేది గంధకపు ఐసోటోపులు: బ్యాక్టీరియా తేలిక గంధకాన్నే ముందు వాడుకుంటాయి కనుక పైరైటు సంతానానికి ఆ ముద్ర ఉంటుంది. పుట్టుక ఏదైనా, వాననీరు ఇంకితే జిప్సం లీటరుకు రెండు గ్రాములకు పైగా కరుగుతుంది.

ఇక ఉపయోగం. తాగునీటిలో సల్ఫేటుకు భారతీయ ప్రమాణం లీటరుకు 200 మిల్లీగ్రాములు, వేరే దిక్కు లేకపోతే 400. రిపోర్టులో ఆ అంకె చూసి హడలిపోతారే గానీ, అదే కాగితం మీదున్న క్లోరైడుతో భాగించి చూసేవారేరీ? అమ్మా, మీ అమ్మాయిని ముందు ఆ భాగహారం చేయమనండి. నీళ్లు కాచుకోమని ఎవరైనా చెబితే మాత్రం వినొద్దు. సల్ఫేటు పోదు సరికదా, ఆవిరైన నీళ్ల మేరకు ఇంకా చిక్కబడుతుంది.