దేవయాని గెలాక్సీ గుసగుస విన్నారిలా!



తిరుమలాయపాలెంలో కరెంటు పోయిన రాత్రి హాస్టల్ డాబా ఎక్కి ఆకాశం చూశారా? నవంబరులో వెన్నెల లేని రోజున, రాత్రి ఎనిమిదిన్నర ప్రాంతంలో నడినెత్తికి కొంచెం ఉత్తరంగా చిన్న పొగమరకలాంటిది కనిపిస్తుంది. మా రోజుల్లో అది మబ్బుతునక అనుకునేవాళ్లం. నిజానికి అది మన పాలపుంతకు పొరుగున ఉన్న మరో పెద్ద గెలాక్సీ. పేరు ఆండ్రోమెడా. దేవయాని అని కూడా అంటారు. దూరం సుమారు 25 లక్షల కాంతి సంవత్సరాలు.

దాని నడిమధ్యన ఒక కృష్ణబిలం ఉంది. బరువు సుమారు 14 కోట్ల సూర్యులంత. కృష్ణబిలం నుంచి వెలుగు రాదు కదా, మరి తెలిసేదెలా? అందులో పడబోయే వాయువు బాగా వేడెక్కుతుంది. ఆ వాయువులోని ఎలక్ట్రాన్లు అయస్కాంత క్షేత్రంలో గిరగిరా తిరుగుతూ రేడియో తరంగాలు వెదజల్లుతాయి. 1992లో క్రేన్, డికెల్, కోవాన్ అనే శాస్త్రవేత్తలు అమెరికాలోని 27 డిష్‌ల 'వెరీ లార్జ్ ఆరే'తో ఆ గెలాక్సీ కేంద్రం నుంచి వచ్చే రేడియో తరంగాలను పట్టుకున్నారు. వాటి బలం 28 మైక్రోజాన్‌స్కీలు. ఇదెంత తక్కువంటే, చంద్రుడి మీద ఒక సెల్‌ఫోన్ పెట్టి మాట్లాడితే ఇక్కడికి చేరే సిగ్నల్ దీనికన్నా లక్షల రెట్లు బలంగా ఉంటుంది!

మరి ఎలా పట్టుకున్నారు? భోజనాల వేళ మన మెస్‌లో ఎంత గోలో మీకు తెలుసు. ఆ గోలలో ఎవరో మెల్లగా మీ పేరు పిలిచారనుకోండి. ఒకసారి వింటే భ్రమ అనుకుంటాం. అదే మూల నుంచి మళ్లీ మళ్లీ వినిపిస్తే నిజమని నమ్ముతాం. ఇదీ అంతే. యంత్రాల సొంత గోల ఎక్కువ తక్కువలుగా ఊగుతుంటుంది. గంటల తరబడి కూడుతూ పోతే అది చాలావరకు కొట్టుకుపోతుంది, అసలు సిగ్నల్ మాత్రం నిలుస్తుంది. నాలుగు రెట్లు సేపు వింటే గోల సగానికి, వంద రెట్లు సేపు వింటే పదో వంతుకు తగ్గుతుంది. డిష్‌లన్నిటినీ కలిపి చూస్తే అది ఏ చోటు నుంచి వస్తోందో కూడా తెలుస్తుంది.

ఇక్కడే ఒక వింత ఉంది. మన పాలపుంత మధ్యనున్న కృష్ణబిలం బరువు సుమారు 40 లక్షల సూర్యులంతే. దాన్ని ఆండ్రోమెడా దూరంలో పెడితే, లెక్క ప్రకారం సుమారు 100 మైక్రోజాన్‌స్కీలు రావాలి. దానికి ముప్పై రెట్లకు పైగా బరువున్నది మాత్రం 28 దగ్గరే ఆగింది! పొయ్యి ఎంత పెద్దదైనా కట్టెలు పెట్టకపోతే మంట రాదు కదా. అందులో పడే వాయువు చాలా తక్కువని శాస్త్రవేత్తల అభిప్రాయం.

ఈ పని విదేశాలకే పరిమితం కాదు. పూణె దగ్గర ఖొడద్‌లో ఆచార్య గోవింద్ స్వరూప్ నాయకత్వంలో కట్టిన జి.ఎం.ఆర్.టి.లో 45 మీటర్ల వెడల్పున్న డిష్‌లు 30 ఉన్నాయి. అలాంటి చోట పనిచేయాలంటే లెక్కలు, భౌతికశాస్త్రం ఇష్టంగా చదవాలి, ఓపిక ఉండాలి. హాస్టల్ నుంచి వచ్చామని వెనకడుగు వేయకండి. సన్నగా వినిపించినంత మాత్రాన ఆ గొంతు లేనట్టు కాదు. ఈసారి డాబా ఎక్కినప్పుడు ఆ పొగమరకను వెతకండి.

– ఒక పూర్వ విద్యార్థి