తాకకుండానే కాల్చే సైలెన్సరు

మోటారు సైకిలు వెనుక సీటు మీద నుంచి దిగేటప్పుడు పిక్కకు సైలెన్సరు తగిలి చురుక్కుమన్న అనుభవం మీలో చాలామందికి ఉండే ఉంటుంది. అలా కాలితే వెంటనే 20 నిమిషాలపాటు చల్లని నీటి ధార కింద ఉంచాలి. సిరా, టూత్‌పేస్టు పూయకూడదు. అయితే ఇప్పుడు మనం చెప్పుకోబోయేది తగిలితే కాలడం గురించి కాదు, తగలకుండానే కాలడం గురించి!

మీ వీధిలో ఒక అన్న బండితోపాటు వచ్చిన సైలెన్సరు ఊడదీసి, బజారులో కొన్న మరొకటి బిగించాడనుకోండి. కొన్నాళ్లకు దాని పక్కనున్న ప్లాస్టిక్ తొడుగు రంగు మాడి, అప్పడంలా వంకర తిరిగింది. గొట్టానికీ తొడుగుకూ మధ్య రెండు వేళ్ల సందు ఉంది. మరి వేడి ఎలా చేరింది?

వేడి ప్రయాణించే దారులు మూడని మీరు చదువుకున్నారు: వహనం, సంవహనం, వికిరణం. గొట్టం తొడుగును తాకడం లేదు. మధ్యనున్న గాలి మంచి ఉష్ణవాహకం కాదు. వేడెక్కిన గాలి చాలావరకు పైకి పోతుంది, బండి పరుగెడుతుంటే వెనక్కు పోతుంది. కనుక అసలు దోషి వికిరణమే. కంటికి కనిపించని పరారుణ కిరణాలు సందును దాటి తొడుగు మీద పడుతున్నాయి.

ఈ వికిరణం ఎంత వేగంగా పెరుగుతుందో 1879లో జోసెఫ్ స్టీఫాన్ కనిపెట్టాడు. అది పరమ ఉష్ణోగ్రత నాలుగో ఘాతాన్ని బట్టి ఉంటుంది. 27 డిగ్రీల సెంటీగ్రేడు అంటే 300 కెల్విన్లు. 327 డిగ్రీలంటే 600 కెల్విన్లు. ఉష్ణోగ్రత రెట్టింపే, కాని వికిరణం 2×2×2×2, అంటే 16 రెట్లు! ఇంజను నుంచి వెలువడే వాయువులు 600 డిగ్రీల సెంటీగ్రేడు దాటగలవు కాబట్టి గొట్టం అంత వేడెక్కడం వింత కాదు. తొడుగులకు వాడే ఎ.బి.ఎస్. ప్లాస్టిక్ 100 డిగ్రీల దగ్గరే మెత్తబడుతుంది.

బండి తయారుచేసినవారు ఇదంతా లెక్కగట్టే గొట్టాన్ని వంచి, దాని మీద రేకు కవచం బిగిస్తారు. కొత్త గొట్టంతో ఆ కవచం పోతుంది. (మోత పెంచే సైలెన్సరు చట్టవిరుద్ధం కూడా. అన్నకు ఆ మాటా చెప్పండి.)

ఒక చిన్న ప్రయోగం. పెద్దవాళ్లను దగ్గర ఉంచుకుని, వేడెక్కిన ఇస్త్రీ పెట్టెను స్విచ్చి తీసి నిలబెట్టండి. దాని అడుగు పలకకు ఎదురుగా జానెడు దూరంలో అరచేయి పెట్టండి. సెగ తెలుస్తుంది. మధ్యలో అల్యూమినియం కాగితం పట్టుకోండి. సెగ చప్పున మాయం! మెరిసే అల్యూమినియం పరారుణ కిరణాల్లో నూటికి 90 పాళ్లకు పైగా తిప్పికొడుతుంది.

తొడుగు లోపలివైపు మెరిసే రేకు అంటించడంలోని కిటుకు ఇదే. గొట్టానికి గాజునార పట్టీ చుట్టేవారూ ఉన్నారు. సెగ తగ్గుతుంది నిజమే, కాని గొట్టం మరింత కాగుతుంది. వానకు పట్టీ తడిసి, లోపల ఇనుము తుప్పు పడుతుంది. నన్నడిగితే, గొట్టానికి కాస్త ఎడంగా బిగించిన రేకు కవచమే మేలు. దానికి రెండువైపులా గాలి ఆడుతుంది. బండి సిగ్నలు దగ్గర ఆగినప్పుడు మాత్రం ఆ గాలి ఉండదు. తొడుగుకు గండం అప్పుడే ఎక్కువ.

రేకు మీద బురద, మసి మెత్తుకున్నా చిక్కే. ఇస్త్రీ పెట్టె ప్రయోగాన్ని ఈసారి ఒకవైపు దీపపు మసి పట్టించిన కాగితంతో చేయండి. మసి ఉన్నవైపు పెట్టెకు ఎదురుగా ఉంచి, కాసేపయ్యాక కాగితాన్ని వెనుకనుంచి తాకి చూడండి.